ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు

ప్రశ్న: మాది తెనాలి. ఆరేళ్ల కిందట అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్ ఉంది. ఈమధ్య కరెంటు పోయి వచ్చిన దగ్గర్నుంచి బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం ‘నో సిగ్నల్’ అనే వస్తోంది. షాపులో చూపిస్తే విండోస్ పాడైంది, ఫార్మాట్ చేయాలన్నారు. పిల్లల చిన్నప్పటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది విండోస్ సమస్యే కాదు. బటన్ నొక్కగానే కంప్యూటర్ నేరుగా విండోస్‌లోకి వెళ్లదు. ముందు మదర్‌బోర్డులోని బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ మొదలై ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటుంది. అవి సరిగ్గా ఉంటేనే స్క్రీన్ మీద కంపెనీ లోగో వస్తుంది. హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్ వంతు ఆ తర్వాతే. మీకు లోగో కూడా రావడం లేదంటే పని విండోస్ దాకా వెళ్లనేలేదు. ఫార్మాట్ చేస్తే ఫొటోలు పోతాయి, సమస్య అలాగే ఉంటుంది.

ముందు మానిటర్ కేబుల్ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే పెట్టాలి, మదర్‌బోర్డు హెచ్‌డీఎంఐకి కాదు. అది సరిగ్గానే ఉంటే అనుమానం ర్యామ్ మీదకే వెళ్తుంది. పాత డెస్క్‌టాప్‌లలో ఈ లక్షణాలకు ఎక్కువగా కారణం అదే. ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ని పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. సీపీయూ డబ్బా పక్క మూత తీసి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకోండి. ర్యామ్ స్లాట్ చివరి క్లిప్పులు వెనక్కి నొక్కితే స్టిక్ పైకి లేస్తుంది. దాని కింది అంచున బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి. పెన్సిల్ రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి దులిపేయండి. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్ ‘టక్’మనేదాకా నొక్కాలి. చాలామంది భయంతో సగమే నొక్కి వదిలేస్తారు. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటే పెట్టి, స్లాట్లు మార్చి చూడండి. అప్పుడు పాడైంది స్టిక్కో స్లాటో తేలిపోతుంది.

అప్పటికీ రాకపోతే, మళ్లీ ప్లగ్ తీసి మదర్‌బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్‌ని ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ఆన్ చేసేటప్పుడు బీప్‌లు వస్తే ఎన్నో లెక్కపెట్టుకుని మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూడండి. బయోస్ తయారీదారును బట్టి వాటి అర్థం మారుతుంది.

మిగిలింది ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే డబ్బా. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి అది బాగానే ఉందనుకోలేం. ఫ్యాన్‌కి 12 వోల్టులు చాలు, బోర్డుకి 5, 3.3 వోల్టులు కూడా సరిగ్గా అందాలి. మీకు కరెంటు పోయి వచ్చాకే ఇలా అయింది కాబట్టి దీన్ని వదలకుండా చూడాలి. తెలిసినవాళ్ల దగ్గర పనిచేసే ఎస్‌ఎంపీఎస్ తెచ్చి తగిలించి చూడటమే నమ్మకమైన పరీక్ష. దాన్ని మాత్రం విప్పకండి, ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉండిపోతుంది.

ఫొటోల గురించి టెన్షన్ పడకండి. మదర్‌బోర్డే పోయినా హార్డ్ డిస్క్ వేరు. హార్డ్ డిస్క్ సాటా కనెక్టర్‌ని యూఎస్‌బీకి మార్చే, విడిగా పవర్ అడాప్టర్ ఉన్న కేబుల్ కొని ఇంకో కంప్యూటర్‌కి తగిలిస్తే, డిస్క్ బాగుంటే అన్నీ కాపీ చేసుకోవచ్చు.

ప్రశ్న: మా ల్యాప్‌టాప్‌లో లోగో వస్తోంది, చుక్కలు తిరుగుతున్నాయి, మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. అప్‌డేట్ అయ్యాకే మొదలైంది. ఫార్మాట్ తప్పదా? – కరీంనగర్ నుంచి

జవాబు: తప్పుతుంది. లోగో వచ్చి చుక్కలు తిరుగుతున్నాయంటే పని విండోస్ దాకా వచ్చింది, హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకు ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరతో ఆగిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బోర్డింగ్ పాసులు చేత్తో రాసివ్వాల్సి వచ్చింది. దానికి కూడా మందు ఫార్మాట్ కాదు. విండోస్‌ని తప్పనిసరి ఫైళ్లతోనే నడిపే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ అప్‌డేట్ ఫైల్ తీసేస్తే చాలామందికి సరిపోయింది.

చుక్కలు తిరుగుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయండి. రెండు మూడుసార్లు అలా చేస్తే విండోస్ తనంతట తానే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీసుకోండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నోట్‌ప్యాడ్’ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే ఆ ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ ఎంచుకుంటే మీ ఫోల్డర్లు కనిపిస్తాయి. రైట్ క్లిక్‌తో కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేసుకోవచ్చు. ఆ తర్వాత అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్‌కి వెళ్లి, కొత్తగా వచ్చిన అప్‌డేట్‌ని తీసేయండి. దాంతో కుదరకపోతే స్టార్టప్ రిపేర్.

మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) అని 48 అంకెల కీ అడిగితే కంగారు పడకండి. ఫోన్‌లోంచి మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి డివైజెస్‌లో చూడండి, ల్యాప్‌టాప్‌ని ఆ అకౌంట్‌తో సెటప్ చేసి ఉంటే సాధారణంగా అక్కడే దొరుకుతుంది. స్క్రీన్ మీద ఉన్న కీ ఐడీకీ, అకౌంట్‌లో ఉన్న ఐడీకీ పోల్చుకుని, సరిపోయిన కీనే కొట్టండి.