పచ్చబడిన హెడ్‌లైట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది 2013 మోడల్ స్విఫ్ట్. షెడ్డు లేదు, కారు ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. హెడ్‌లైట్ గ్లాసులు పసుపు రంగుకు తిరిగాయి. టూత్‌పేస్ట్ పెట్టి రుద్దితే మెరిశాయి గానీ రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చాయి. మెకానిక్ సెట్టు మార్చేయమంటున్నాడు. ఇంట్లో చేసుకునే దారి ఉందా? (ఖమ్మం)

జవాబు: ఉంది. పగుళ్లు లేకపోతే సెట్టు మార్చనక్కర్లేదు.

మీ హెడ్‌లైట్ ముందుభాగం పాలీకార్బనేట్ ప్లాస్టిక్. చిన్న రాయి తగిలితే పగలదు, కానీ గీతలకూ ఎండకూ ఆగదు. అందుకే కంపెనీ దాని మీద పల్చటి గట్టి పూత వేసి పంపుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఏళ్ల తరబడి పడి ఆ పూత చెడిపోయి పొరలుగా లేస్తుంది, కింద ప్లాస్టిక్ పైభాగం పచ్చబడుతుంది. టూత్‌పేస్ట్‌లోని సన్నటి పొడి ఆ పైభాగాన్ని కాస్త గీకుతుంది, అంతే. దాంతోపాటు మిగిలి ఉన్న కాస్త పూత కూడా పోతుంది. అందుకే రెండోసారి ఇంకా తొందరగా పచ్చబడింది. పాలిష్ అన్నది సగం పనే. పాత పూత మొత్తం తీసి, కొత్త పూత వేస్తేనే ఆ పని నిలుస్తుంది.

మొదలుపెట్టే ముందు గ్లాసు మీద నీళ్లు పోసి, తడిగా ఉండగానే చూడండి. మసక చాలావరకు తగ్గి లోపలి బల్బు స్పష్టంగా కనిపిస్తే లోపం పైపైనే ఉంది, ఇంట్లో బాగవుతుంది. తడిపినా మసక అలాగే ఉంటే లోపలి వైపు పాడైంది, లేదా ప్లాస్టిక్ లోతు వరకు సన్నటి పగుళ్లు వచ్చాయి. వాటిని ఎంత రుద్దినా పోవు.

కావలసినవి: వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) 800 నంబరువి రెండు షీట్లు, 1000, 1500, 2000 ఒక్కొక్కటి (3000 నంబరు సాధారణంగా ఫోమ్ ప్యాడ్‌గా దొరుకుతుంది), మాస్కింగ్ టేప్, పేపరు వెనక పెట్టి పట్టుకోవడానికి మెత్తటి ఫోమ్ ముక్క, 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు. ఒక స్ప్రే సీసాలో లీటరు నీళ్లకు నాలుగైదు చుక్కల షాంపూ కలిపి పెట్టుకోండి. నీళ్లు శుభ్రంగా ఉండాలి, ఒక్క ఇసుక రేణువు చేసే గీతను తీయడానికి మళ్లీ మొదటి పేపరు నుంచి రావాల్సి వస్తుంది.

ఉదయం పూట, నీడలో చేయండి. గ్లాసు కడిగి, చుట్టూ ఉన్న పెయింట్ మీద టేప్ రెండు వరుసలు వేయండి. వాటర్ పేపర్ బానెట్ అంచుకు ఒక్కసారి తగిలినా రంగు పోతుంది. పేపరును పది నిమిషాలు నీళ్లలో నాననిచ్చి, 800తో అడ్డంగా రుద్దండి. చేతి బరువు మోపకండి, నీళ్లు ఆగకుండా చల్లుతూ ఉండండి. మొదట కారే నీళ్లు పసుపుగా ఉంటాయి, మధ్యమధ్య పూత పెచ్చులు కూడా వస్తాయి. కాసేపటికి నీళ్లు పాలలా తెల్లగా మారతాయి. తెల్లబడ్డాయంటే పచ్చబడ్డ పొర పోయి అసలు ప్లాస్టిక్ వచ్చిందని అర్థం. అయినా తుడిచి ఆరబెట్టి చూడండి. మూలల్లో, పై అంచు వెంట పాత పూత మచ్చలుగా మిగిలి ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. ఆ మచ్చల అంచులు కొత్త పూత కింద జీవితాంతం కనిపిస్తాయి, అక్కడి నుంచే కొత్త పూత లేవడం మొదలవుతుంది. గ్లాసంతా ఒకే రకంగా మసగ్గా కనిపించేదాకా 800 వదలకండి. ఒక్కో లైటుకు పావుగంట పట్టినా ఫర్వాలేదు.

తర్వాత 1000తో నిలువుగా. ప్రతి నంబరుకూ దిశ మారిస్తే కిందటి పేపరు గీతలు ఇంకా మిగిలాయో లేదో ఇట్టే తెలుస్తుంది.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎక్కువ కాలం నిలవాలంటే హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి స్ప్రే కొట్టే 2కె క్లియర్ అనే రంగులేని పూత మేలు. దానికి 1000 దగ్గరే ఆగిపోవాలి. ఆ సన్నటి గీతల్లోకే క్లియర్ దిగి పట్టుకుంటుంది, గీతలు నిండిపోయి గ్లాసు దానంతట అదే తేటబడుతుంది. కాంపౌండ్‌తో (మెరుగు పెట్టే పేస్టు) మెరిపించి ఆ మీద క్లియర్ కొడితే పట్టు తక్కువై పెచ్చులుగా ఊడుతుంది. ఆల్కహాల్‌తో తుడిచి, వేలు తగలనివ్వకుండా ముందు ఒక పల్చటి పొర, పది నిమిషాలాగి ఒక నిండు పొర, మరో పది నిమిషాలకు ఇంకొకటి కొట్టాలి. ముసురు పట్టిన రోజున వద్దు, క్లియర్ తెల్లగా మసకబారుతుంది. టేపు అరగంటలోపే తీసేయండి, పూర్తిగా గట్టిపడ్డాక తీస్తే అంచు కూడా లేచి వస్తుంది. వారం రోజులు ఒత్తిడి నీళ్లతో కడగొద్దు.

అయితే 2కె హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీయగలవు. మూతికి గుడ్డ కట్టుకుంటే చాలదు, సర్జికల్ మాస్కు కూడా చాలదు. సేంద్రియ ఆవిర్లను (పెయింటు, థిన్నర్ల ఆవిరి లాంటివి) ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. ఉబ్బసం ఉన్నవారు దాని జోలికే పోవద్దు. నా సలహా: రుద్దే పనంతా మీరు ఇంట్లో చేసుకుని, క్లియర్ మాత్రం కార్ల పెయింటర్ చేత కొట్టించండి. ఆయనకు అది చిన్న పని, బూత్, మాస్కు, గన్ అన్నీ అక్కడే ఉంటాయి.

రెండో దారి, చేత్తో పూసే యూవీ (అతినీలలోహిత కిరణాలను ఆపే) కోటింగ్ లేదా సిరామిక్ కోటింగ్. ఇది పల్చగా ఉంటుంది, గీతలను నింపదు. కాబట్టి 1500, 2000, 3000 వరకు పోయి, కాంపౌండ్‌తో మెరిపించి, ఆల్కహాల్‌తో తుడిచాకే పూయాలి. 2కె అంత కాలం నిలవదు, మళ్లీ మళ్లీ పూసుకోవాలి. ఒట్టి వ్యాక్స్ అయితే కొన్ని వారాలే.

ప్రశ్న: 400 నంబరు పేపరుతో రుద్ది, తర్వాత 2000, ఆపైన డ్రిల్‌కు ప్యాడ్ పెట్టి కాంపౌండ్ కొట్టాను. పగలు బాగానే ఉంది. రాత్రి లైటు వేస్తే గ్లాసు నిండా గీతలు. ఒకచోట తెల్లటి మచ్చ కూడా పడింది. (విశాఖపట్నం)

జవాబు: మధ్య నంబర్లు దాటేశారు. 400 చేసిన గాడి లోతును 2000 తీయలేదు, గట్ల తలలను మాత్రం నున్నగా చేస్తుంది. వెనక నుంచి బల్బు వెలిగినప్పుడు గాడులు బయటపడతాయి. 600కు తిరిగి వెళ్లి 800, 1000, 1500, 2000, 3000 వరుసగా రండి. ఇక ముందు 400 వాడాల్సిన అవసరం రాదు, పూత పూర్తిగా పెచ్చులు లేచిన గ్లాసుకైనా 600 సరిపోతుంది.

తెల్లటి మచ్చ వేడి వల్ల వచ్చింది. డ్రిల్‌ను ఒకేచోట ఆపి నొక్కితే ప్లాస్టిక్ మెత్తబడి కాంపౌండ్‌ను తనలోకి లాక్కుంటుంది. వేగం నిమిషానికి 1000 నుంచి 1200 చుట్లు దాటనివ్వకండి, ప్యాడ్ కదులుతూ ఉండాలి, మధ్యలో నీళ్లు చల్లాలి. గ్లాసు మీద చేయి ఆనించలేనంత వేడెక్కితే ఆపేయండి.

ప్రశ్న: ఒక షాపులో చిన్న కప్పులో ఏదో ద్రవం పోసి వేడి చేసి, ఆవిరి పట్టిస్తే క్షణాల్లో గ్లాసు కొత్తదానిలా అయింది. ఆ కిట్టు ఆన్‌లైన్‌లో కూడా ఉంది. కొనమంటారా? (వరంగల్)

జవాబు: వద్దు. అటువంటి కప్పుల్లో వాడేది సాధారణంగా డైక్లోరోమీథేన్ లేదా క్లోరోఫామ్. పాలీకార్బనేట్ వాటిలో కరుగుతుంది. ఆవిరి తగలగానే పైపొర కరిగి గీతలు పూడుకుంటాయి, అందుకే ఆ తక్షణ మెరుపు. కానీ అక్కడ కొత్త పూత ఏమీ పడలేదు, ఎండ రక్షణ సున్నా. కరిగి గట్టిపడిన పొరలో ఒత్తిడి మిగిలి కొన్నాళ్లకు సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి. అంతకంటే ముఖ్యం, డైక్లోరోమీథేన్ ఒంట్లోకి పోతే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఇంటి గ్యారేజీలో, పిల్లలు తిరిగేచోట అది చేయకూడని పని.

ప్రశ్న: దోమల క్రీము రాస్తే పసుపు పోతుందని ఒక వీడియోలో చూశాను. పెట్రోల్‌తో కూడా తుడవొచ్చా? (కర్నూలు)

జవాబు: రెండూ వద్దు. ఆ క్రీముల్లోని డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది, పక్కన ఒక చుక్క పడితే కారు పెయింట్ కూడా పోతుంది. పెట్రోల్, థిన్నర్, అసిటోన్ తగిలితే పాలీకార్బనేట్ సన్నగా పగులుతుంది.

ప్రశ్న: వానాకాలంలో హెడ్‌లైట్ లోపల చెమ్మ పడుతోంది. సిలికాన్ పెట్టి అంతా మూసేయమంటారా? (కాకినాడ)

జవాబు: రాత్రి పూట పల్చగా పట్టి, లైటు వేసిన అరగంటకు ఆరిపోయే చెమ్మ మామూలే. లైటు వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి, చల్లబడ్డప్పుడు తిరిగి రావడానికి వెనక చిన్న గాలి గొట్టాలు ఉంటాయి. వాటిని సిలికాన్‌తో మూస్తే చెమ్మ లోపలే చిక్కుకుని రిఫ్లెక్టర్ (బల్బు వెలుగును ముందుకు మళ్లించే మెరుపు గిన్నె) మెరుపు తినేస్తుంది. చుక్కలు కట్టి కిందకు జారుతుంటే మాత్రం నీళ్లు దిగుతున్నట్టే. ముందు బల్బు వెనక రబ్బరు బూటు చూడండి. బల్బు మార్చినప్పుడు దాన్ని సరిగ్గా కూర్చోబెట్టకపోవడమే చాలా కార్లలో కారణం. తర్వాత గొట్టంలో మట్టి, సాలెగూడు ఉన్నాయేమో చూడండి. ఈ రెండూ బాగుంటేనే గ్లాసు అతుకును అనుమానించాలి.

ప్రశ్న: పాత అంబాసిడర్ లైట్లు మసకబారాయి. ఇదే పద్ధతి పనికొస్తుందా? (తెనాలి)

జవాబు: రాదు. అది గాజు, పచ్చబడదు. లోపలి రిఫ్లెక్టర్ తుప్పు పట్టి ఉంటుంది, లైటు మార్చడమే.

ప్రశ్న: గ్లాసులు అద్దంలా చేయించాను. అయినా రాత్రి రోడ్డు సరిగా కనిపించడం లేదు. 100/90 వాట్ల బల్బులు వేయమంటారా? (నిజామాబాద్)

జవాబు: వేయకండి. హెచ్4 రకం (హై, డిమ్ రెండూ ఒకే దాంట్లో ఉండే) బల్బు 60/55 వాట్లదే ఉండాలి. ఎక్కువ వాట్ల వేడికి రిఫ్లెక్టర్ మాడుతుంది, హోల్డర్ కరుగుతుంది. ముందు టార్చి వేసి రిఫ్లెక్టర్ చూడండి. గోధుమ రంగుకు తిరిగినా, పెచ్చులు లేచినా ఏ పాలిషూ పనికిరాదు, సెట్టు మార్చాల్సిందే.

రిఫ్లెక్టర్ బాగుంటే వైరింగ్ చూడాలి. ఇంజన్ ఆన్‌లో, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు కనెక్టర్ దగ్గరా వోల్టేజీ కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఎర్త్ వైరో, స్విచ్చో కరెంటు తింటోంది. హాలోజెన్ బల్బుకు పది శాతం వోల్టేజీ తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఎర్త్ బోల్టు గీకి బిగించి, రిలే (బ్యాటరీ నుంచి నేరుగా బల్బుకు కరెంటు అందించే స్విచ్) వేయిస్తే అదే బల్బు ఎంత వెలుగునిస్తుందో చూడండి.

ఆఖరున ఎత్తు సరిచేయండి, పాలిష్‌కు లైటు విప్పి బిగించి ఉంటే ఇది తప్పనిసరి. టైర్లలో గాలి సరిచూసి, సమతలం మీద గోడకు పది మీటర్ల దూరంలో కారు ఆపండి. నేల నుంచి బల్బు ఎత్తు ఎంతో గోడ మీద గీత గీయండి. డిమ్ వేసినప్పుడు వెలుగు పై అంచు ఆ గీతకు సుమారు పది సెంటీమీటర్లు కింద ఉండాలి (లైటు మీద 1.0 శాతం అని ముద్రించి ఉంటే లెక్క ఇదే, 1.2 అని ఉంటే 12 సెంటీమీటర్లు). మన రోడ్లకు తయారైన లైటులో ఆ అంచు ఎడమ వైపు కాస్త పైకి లేస్తుంది, రోడ్డు పక్క మనుషులు కనిపించడానికే అలా పెట్టారు. దాన్ని చదును చేయాలని స్క్రూ తిప్పకండి.