కెమెరాలన్నీ ఆఫ్! ఇంతకీ పాఠం ఎవరికి చెబుతున్నట్టు?

ప్రశ్న: మేడమ్ గారూ, నేను ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఈ సెమిస్టర్ కాస్ట్ అకౌంటింగ్ మొత్తం ఆన్‌లైన్‌లోనే చెప్పమన్నారు. క్లాసులో చెప్పేదే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని గంటసేపు చెబుతున్నాను, రికార్డింగ్ గ్రూపులో పెడుతున్నాను. జాయినైన వాళ్లందరూ స్క్రీన్ మీద నల్ల గళ్లే. ‘అర్థమైందా?’ అంటే నలుగురు ‘యస్ సార్’ అని చాట్‌లో కొడతారు, అసైన్‌మెంట్ ఇస్తే ఒక్కడూ సరిగ్గా చేయడు. కెమెరా ఆన్ చేయకపోతే హాజరు వేయనని చెప్పేయమంటారా? – ఒక లెక్చరర్, గాజువాక

జవాబు: ఆ పని మాత్రం చేయకండి మాస్టారూ. కంచరపాలెంలో ఒకే గది ఇంట్లో వెనకాల వాళ్లమ్మ వంట చేసుకుంటూ, తమ్ముడు టీవీ చూస్తూ ఉంటే ఏ పిల్ల కెమెరా పెడుతుంది చెప్పండి? అయినా ముఖం కనిపించినంత మాత్రాన పాఠం ఎక్కినట్టు కాదు, చివరి బెంచీ సంగతి మీకు తెలియనిదా.

అసలు తిరకాసు కెమెరాలో లేదు, ఆ గంటలో ఉంది. గంట పొడుగునా మీరు చెబుతున్నారు సరే, వాళ్లు చేయడానికి ఏముంది? క్లాసు గదిలో అయితే ఒకడు నొసలు చిట్లించగానే మీరు ఆగి, మళ్లీ చెబుతారు, ఇక్కడ ఆ నొసలు కనపడదు కాబట్టి అది ముందే ఊహించి కోర్సు కట్టుకోవాలి. అంటే సిలబస్ పుస్తకం తెరిచి ఒకటో యూనిట్ నుంచి వీడియోలు తీసుకుంటూ పోవడం కాదు. ఈ వారం చివరికి పిల్లాడు ఏ లెక్క సొంతంగా చేయగలగాలి అని ముందు రాసుకోండి, ఆ లెక్క ఇచ్చే పరీక్ష తయారు చేయండి, అందుకు ఏం చెప్పాలో చివర్లో చూసుకోండి. వెనక నుంచి ముందుకు రావడమన్నమాట.

బ్రేక్ ఈవెన్ పాయింటే తీసుకుందాం. బీచ్ రోడ్డులో ముంత మసాలా బండి. బండి అద్దె, లైటు, కుర్రాడి కూలీ కలిపి రోజుకు 600 రూపాయలు. పొట్లం 40కి అమ్ముతాడు, మరమరాలు, ఉల్లిపాయలు, నిమ్మకాయ, కాగితం అన్నీ కలిపి ఒక్కోదానికి 25 అవుతుంది. పొట్లానికి 15 మిగులుతుంది, అంటే 40 పొట్లాలు అమ్మేదాకా లాభం లేదు నష్టం లేదు. ఇంతవరకూ మీరు చెప్పండి, ఐదారు నిమిషాలు చాలు. తరువాత ఆపి, ‘ఉల్లిపాయ ధర పెరిగి ఆ 25 కాస్తా 28 అయింది, ఇప్పుడెన్ని అమ్మాలి? చాట్‌లో అంకె కొట్టండి, నేను చెప్పేదాకా ఎంటర్ నొక్కకండి’ అనండి. 50 అని వచ్చిన వాళ్లెవరో, 43 అని వచ్చిన వాళ్లెవరో అప్పుడు తెలుస్తుంది. 43 కొట్టిన పిల్లాడు పెరిగిన మూడునీ పాత 40కి కలిపేశాడు, ఖర్చు పెరిగిందని గ్రహించాడు కానీ 600ని భాగించాల్సింది పొట్లానికి మిగిలే 12తో అని గ్రహించలేదు, మీరు ఆ క్షణం చెప్పాల్సింది అదొక్కటే. ‘అర్థమైందా’ అన్న ప్రశ్నకు ఈ సమాచారం ఏనాటికీ రాదు.

వీడియో నిడివి గురించి 2014లో ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదికలోని కోర్సుల మీద ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, దాదాపు 69 లక్షల వీక్షణలు పరిశీలించారు. వీడియో ఎంత పొడుగున్నా కనీసం సగం వీక్షణలు ఆరు నిమిషాలకు మించట్లేదని తేలింది. అవి స్వచ్ఛందంగా చేరిన వాళ్ల కోర్సులు, మన డిగ్రీ పిల్లలకు అచ్చంగా అదే వర్తిస్తుందని నేననను, కానీ గంట రికార్డింగును ముక్కలు చేస్తే నష్టమేం లేదుగా. స్టూడియో హంగులు కూడా అక్కర్లేదు, లెక్క కాగితం మీద రాస్తూ పైనుంచి ఫోన్‌తో తీసినా చాలు.

ఇంకొకటి, లైవ్ క్లాసు టైమ్ పెట్టే ముందు పిల్లల్ని అడగండి. పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టు చేసేవాడూ జగదాంబ దగ్గర బట్టల షాపులో నిలబడేవాడూ పగలు పదకొండింటికి రాలేరు. లైవ్ వారానికి ఒకటి చాలు, అదీ సందేహాలకే. మిగతా రోజుల్లో అడిగిన దానికి ఒక రోజులోపు సమాధానం, వాయిస్ మెసేజ్ అయినా సరే, పెట్టండి. ‘సార్ ఉన్నారు’ అన్న నమ్మకం దాంతో వస్తుంది.

ప్రశ్న: నేను ఇంగ్లిష్ చెబుతాను. అందరి వ్యాసాలూ ఏఐ రాసినవే, ఒకే పోలిక. పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉందా? – ఎం.వి.పి. కాలనీ పాఠకురాలు

జవాబు: ఉన్నాయి గానీ నమ్మకండి, అవి నిజంగా రాసిన పిల్లనూ పట్టుకుంటాయి, అప్పుడు ఆ పిల్లకు మీరేం సమాధానం చెబుతారు? ప్రశ్న మార్చండి. ‘పర్యాటకం’ మీద వ్యాసం ఇస్తే యంత్రం సుబ్బరంగా రాస్తుంది. ఆర్కే బీచ్‌లో ఒక బండి అతనితో మాట్లాడి, ఆయన అన్న మూడు మాటలు ఇంగ్లిష్‌లోకి మార్చి, ఎందుకలా మార్చారో రెండు నిమిషాల ఆడియోలో చెప్పమనండి. ఆడియో వినడానికి టైమ్ పడుతుంది, అది నిజమే. దానికి బదులు వ్యాసాల సంఖ్య తగ్గించండి.

ప్రశ్న: మాది పాడేరు దగ్గర ఊరు మేడమ్. క్లాసుకి గట్టు ఎక్కితేనే సిగ్నల్, వానొస్తే అదీ లేదు. లైవ్‌లో లేనని ఆబ్సెంట్ వేస్తున్నారు. – డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: తల్లీ, మీ సార్‌కి చిన్న మెసేజ్ పెట్టు, నేరుగా ఇలాగే: ‘సార్, సిగ్నల్ ఉన్నప్పుడు రికార్డింగ్ విని, కింద ఇచ్చిన క్విజ్ రాసి పంపుతాను, దాన్ని హాజరుగా తీసుకుంటారా? వీడియోతో పాటు ఆడియో విడిగా పెడితే డౌన్‌లోడ్ అవుతుంది.’ లెక్చరర్లూ, ఇది మీకూ: మాట ఒక్కటే తక్కువ నాణ్యతలో సేవ్ చేస్తే పది నిమిషాలది రెండు మూడు ఎంబీలకు మించదు, నోట్స్ ఫోటోలు తీసి పెట్టకుండా టైప్ చేసి ఇస్తే ఇంకా తేలిక.

ఇంట్లో డీడీ ఫ్రీ డిష్ ఉంటే స్వయంప్రభ ఛానళ్లు (కేంద్ర ప్రభుత్వం పాఠాలు ప్రసారం చేసేవి) పెట్టి చూడమ్మా, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒకే పాఠం రోజులో చాలాసార్లు వేస్తారు, పొద్దున్న పొలం పనికెళ్లినా సాయంత్రం దొరుకుతుంది. మీ సబ్జెక్టు ఏ ఛానల్లో వస్తుందో షెడ్యూలు చూసి పెట్టమని, సిగ్నల్ బాగుండే చోట ఉన్న క్లాస్‌మేట్‌నెవరినైనా అడుగు. ఆబ్సెంట్ సంగతి మెసేజ్‌తో తేలకపోతే ప్రిన్సిపాల్‌కు కాగితం మీద రాసి ఇవ్వు, అందినట్టు సంతకం తీసుకో.