పాత స్టీరియో రిపేరా, ఈఎంఐలో కొత్తదా?

ప్రశ్న: నాన్నగారు 1970ల్లో కొన్న ఆంప్లిఫయర్, స్పీకర్లు, టర్న్‌టేబుల్ ఉన్నాయి. ఒక ఛానల్ వస్తూ పోతూ ఉంది, గుయ్యిమని హమ్, స్పీకర్ కోన్ (ముందు కదిలే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ చిరిగింది. రిపేర్ ఖర్చు ఒకేసారి కట్టాలి, కొత్త సిస్టమ్‌కి ఈఎంఐ అందులో సగమే, 24 నెలలు. బ్యాంకులో నెల జీతమంత ఉంది. ఏది బెటర్?

జవాబు: ఆ "సగమే" చూసే మీకు రాస్తున్నానండి, ఎందుకంటే ఈ లెక్క చాలామంది ఇలాగే వేస్తారు. రిపేర్ మొత్తం ఖర్చుని ఒక్క నెల ఈఎంఐ పక్కన పెడితే ఈఎంఐ చిన్నగానే కనపడుద్ది మరి, షాపువాళ్ళు చూపించేదీ అదే. సగం చొప్పున 24 నెలలు అంటే 12 రిపేర్ల డబ్బు! ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే.

అసలు నా బాధ మీ బ్యాంకు బ్యాలెన్స్ గురించి. కనీసం 6 నెలల ఖర్చులు పక్కన ఉండాల్సిన చోట ఒక్క నెల జీతం ఉంది, రేపు ఉద్యోగంలో తేడా వస్తే ఈఎంఐ ఆగదు కదా, అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు, దాని వడ్డీ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి ఎవరూ ఆలోచించరు, కొత్త ఈఎంఐ వస్తే నెల ఖర్చు పెరుగుద్ది కాబట్టి ఆ 6 నెలల టార్గెట్ కూడా పెరుగుద్ది, దాచే డబ్బేమో తగ్గుద్ది. పాటలు వినడానికి అప్పు ఏంటండీ అసలు?

రిపేర్ కూడా మొత్తం ఒకేసారి చేయించాలని రూలేం లేదు. వాల్యూమ్ నాబ్ అటూ ఇటూ తిప్పితే గరగరలాడి ఛానల్ తిరిగొస్తుంటే చాలావరకు లోపల మురికే, టెక్నీషియన్ కాంటాక్ట్ క్లీనర్ (స్విచ్చులు, నాబ్‌ల మురికి వదిలించే స్ప్రే) కొడితే పోవచ్చు. ఆంప్లిఫయర్ మీది సెలెక్టర్ నాబ్‌ని ఫోనో (టర్న్‌టేబుల్ ఇన్‌పుట్) నుంచి వేరే ఇన్‌పుట్‌కి మార్చండి, హమ్ పోయిందా, అయితే టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు చూడండి, పోకపోతే పవర్ సప్లై కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, అది మాత్రం టెక్నీషియన్ పనే, మీరు మూత తీయకండి. చిరిగిన ఫోమ్‌తో మాత్రం వాయించొద్దు, కోన్ వెనకుండే తీగచుట్ట (కాయిల్) రాసుకుని స్పీకరే పోద్ది, కోన్ బాగుంటే ఫోమ్ ఒక్కటే మారుస్తారు. ఏ పనికి ఎంతో విడివిడిగా రాసిమ్మనండి, ముందు ఆంప్లిఫయర్, ఫోమ్ తర్వాత, సేవింగ్స్ ముట్టుకోకుండా ఏ నెల జీతంలోంచి ఆ నెల.

సెకండ్ హ్యాండ్ కొనడం కూడా ఓకే, వాయించి చూశాకే, క్యాష్‌తో. హెల్త్ ఇన్సూరెన్స్ లేకపోతే అది దీనికన్నా ముందు. కొత్త సిస్టమ్ మీద అంత మోజుంటే 6 నెలల ఫండ్ నిండాక అదే ఈఎంఐ డబ్బు నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేసుకుని కొనుక్కోండి, నేనేం వద్దనను.