రసీదు పుస్తకం బీరువాలో పెట్టు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఊరి శాఖా గ్రంథాలయానికి సాయంగా సంఘం పెడుతున్నామని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి సంతోషం సగం, టెన్షన్ సగం. పదిహేనేళ్ళు ఇదే పనిలో చేతులు కాల్చుకున్నవాణ్ణి కదా.

చందాల రసీదు పుస్తకం అచ్చు వేయించానన్నావు. ప్రస్తుతానికి దాన్ని బీరువాలో పెట్టు. ముందు ఓ వారం సాయంత్రాలు మీరంతా వెళ్ళి అక్కడ కూర్చోండి. ఏ పేపర్ కోసం కాచుకుంటున్నారు, ఏ ఫ్యాన్ తిరగడం లేదు, ఆడపిల్లలు ఎందుకు రావడం లేదు, చూడండి. ఆ చివరిది మాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. బాత్రూమ్ తలుపుకి గడియ లేదమ్మా, అంతే!

ఇంకో తప్పు కూడా చేశాం. పాత పుస్తకాలు ఇవ్వండని ఊరంతా మైకులో చెప్పించాం. రెండు ట్రాలీ ఆటోలు నిండాయి. సగం ఇంటర్ గైడ్లు, పోయినేడాది పంచాంగాలు. రిజిస్టర్‌లో ఎక్కిస్తే ప్రతి పుస్తకానికీ లైబ్రేరియన్ లెక్క చెప్పాలి. ఎక్కించకపోతే ఇచ్చినవాళ్ళు నా పుస్తకం ఏదని అడుగుతారు. పాపం ఆయన ఎటూ చెప్పలేకపోయారు, గోతాల్లోనే చెదలు పట్టాయి. మీరు మాత్రం ఏం కావాలో ఆయన్నే రాసిమ్మని అడిగి, అవే కొనండి.

ఇక డబ్బు సంగతి. ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. పంచాయతీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ఎంత వసూలైంది, ఎంత జమైంది అని సమాచార హక్కు కింద అర్జీ పెట్టు. సెస్సుతో రావాల్సిన కుర్చీలూ పుస్తకాలూ మీరే చందాలతో కొనేస్తే, రేపు అడగడానికి నోరుండదు. మీ డబ్బు ఇన్వర్టర్ బ్యాటరీకి, ఆదివారం పిల్లల కథల గంటకు వాడండి. పదివేలిచ్చి ఫొటో దిగే పెద్దమనిషి కంటే నెలకు యాభై ఇచ్చే నలభై మందిని వెతుక్కో. లెక్కలు టీ ఖర్చుతో సహా నెలనెలా గోడకి అంటించు.

రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు చాలు. మీ అన్నయ్య డాలర్లు పంపుతానన్నాడట. వాడు అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు కాబట్టి, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. నొచ్చుకోకుండా చెప్పు.

చిన్నపిల్లలు మీకేం తెలుసని ఎవరైనా అంటే, వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం సంగతి చెప్పు. 1918లో యువకులు మొదలుపెట్టిందే అది. 1935లో గ్రంథాలయ ఉద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలు పడవకెత్తి కాలువ వెంట ఊళ్ళకు తీసుకెళ్ళారు. మీకు పడవ అక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేని పెద్దవాళ్ళకు సంచీలో రెండు పుస్తకాలు తీసుకెళ్తే సరి.

నవంబర్ 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు కదా, అప్పుడు వస్తాను. నాకు శాలువా మాత్రం కప్పొద్దు. ఆ డబ్బుతో ఒక వారపత్రికకి చందా కట్టు.

మీ మామయ్య