పాత్ జోలికి వెళ్లే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న ఫోనులో నువ్వు చెప్పిన ఇబ్బందిని రాత్రి తీరిగ్గా ఆలోచించాను. జావా ఏ ఫోల్డరులో ఉందో ప్రోగ్రాములకు చెప్పే జావా_హోమ్ అనే వేరియబుల్‌ను, అంటే పేరూ విలువా ఉన్న ఒక సెట్టింగును, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘సెట్’ కమాండుతో పెట్టుకున్నావు, ఆ విండోలో అంతా చక్కగా నడిచింది, విండో మూసి మళ్లీ తెరిచేసరికి అది కనబడకుండా పోయింది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అడ్మిన్ హక్కులు లేకపోవడమే కారణమని అనుకుంటున్నావు గానీ, అది కారణం కాదు. నీ ఖాతాకు మాత్రమే చెందిన వేరియబుల్‌ను పెట్టుకోవడానికి అడ్మిన్ హక్కులతో పనిలేదు.

విండోస్‌లో ప్రతి ప్రోగ్రామూ మొదలయ్యేటప్పుడు, తనను మొదలుపెట్టిన ప్రోగ్రాము దగ్గరున్న వేరియబుల్స్‌కు ఒక నకలు అందుకుంటుంది. ఆ తర్వాత ‘సెట్’ మార్చేది ఆ విండో చేతిలో ఉన్న నకలును మాత్రమే. మీసేవలో అడంగల్ నకలు తీసుకుని, దానిమీద పెన్సిలుతో విస్తీర్ణం దిద్దుకున్నంత మాత్రాన రెవెన్యూ రికార్డు మారదు కదా, ఇదీ అంతే. నీ ఖాతాకు సంబంధించిన అసలు రికార్డు, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో, నీ ఖాతా భాగమైన హెచ్‌కేసీయూ కింద ‘ఎన్విరాన్‌మెంట్’ అనే కీలో ఉంటుంది. అక్కడ రాయడానికే ‘సెట్’ చివర ఎక్స్ అక్షరం చేర్చిన ‘సెట్‌ఎక్స్’ ఉంది. మేము డాస్ మీద పనిచేసిన రోజుల్లో ఈ సదుపాయం లేక, సెట్ వరుసలన్నీ ఆటోఎగ్జెక్.బ్యాట్ ఫైలులో రాసిపెట్టుకుని, మిషను వెలిగించిన ప్రతిసారీ వాటిని కొత్తగా చదివించేవాళ్లం.

కమాండును ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, నువ్వు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టు:

సెట్‌ఎక్స్ జావా_హోమ్ "సి:\టూల్స్\జేడీకే-21"

పేరుకూ విలువకూ మధ్య ఇక్కడ ఈక్వల్ గుర్తు ఉండదు, ఖాళీ మాత్రమే ఉంటుంది. ‘సెట్’ అలవాటు కొద్దీ ఈక్వల్ గుర్తు పెడితే ఎర్రర్ వస్తుంది. ఫోల్డరు పేరు చివర బ్యాక్‌స్లాష్ పెట్టి వెంటనే కోట్స్ మూయవద్దు, ఎందుకంటే ఆ రెండూ కలిసి కోట్ గుర్తే విలువలో భాగమైపోతుంది. కమాండు నడిచాక అదే విండోలో విలువను చూస్తే కొత్తది కనిపించదు, ఎందుకంటే ఆ విండో చేతిలో ఉన్నది ఇంకా పాత నకలే. కంప్యూటరును రీస్టార్ట్ చేయనక్కరలేదు, కొత్త విండో తెరిస్తే చాలు. అయితే విజువల్ స్టూడియో కోడ్ లోపల తెరిచే టెర్మినల్ తన నకలును ఆ ఎడిటరు నుంచే తీసుకుంటుంది కాబట్టి, టెర్మినల్‌ను కాదు, ఎడిటరునే పూర్తిగా మూసి తెరవాలి.

ఇంతవరకు తేలికైన సంగతి. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం పాత్ వేరియబుల్, అంటే నువ్వు కొట్టిన పేరుగల ప్రోగ్రాము కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల వరుస. జావా_హోమ్ తర్వాత నువ్వు చేయబోయేది పాత్‌కు ఒక ఫోల్డరు చేర్చడమే, దానికి అందరూ చెప్పే చిట్కా, పర్సెంట్ గుర్తుల మధ్య పాత్ అని రాసి, సెమికోలన్ పెట్టి, కొత్త ఫోల్డరు తగిలించి సెట్‌ఎక్స్‌కు ఇవ్వడం. దయచేసి ఆ పని చేయవద్దు. విండోలో కనిపించే పాత్ ఒక్కటి కాదు. మిషను మొత్తానికి చెందిన సిస్టమ్ పాత్ ముందు, నీ ఖాతా పాత్ వెనుక, రెండూ అతికించి ఇచ్చినది. ఆ చిట్కా వాడితే ఈ ఉమ్మడి వరుస మొత్తం నీ ఖాతా పాత్‌లోకి వెళ్లిపోతుంది. అంతకంటే ప్రమాదం, సెట్‌ఎక్స్ 1024 అక్షరాలకు మించినదాన్ని కత్తిరించేస్తుంది.

ఒకసారి నేనే ఇందులో పడ్డాను. విలువను 1024 అక్షరాలకు కుదించినట్టు ఒక హెచ్చరిక వరుస వచ్చింది, దాని కిందనే విలువ భద్రమైందని సక్సెస్ వరుస కూడా వచ్చింది, నేను రెండోదాన్ని చూసి మొదటిదాన్ని వదిలేశాను. కొత్త విండోలో పైథాన్ పలకలేదు. ఉమ్మడి వరుసలో నా సొంత ఫోల్డర్లు తోకన ఉన్నాయి, కత్తెర పడింది సరిగ్గా ఆ తోక మీదే. చేర్చాలనుకున్న కొత్త ఫోల్డరు కూడా దానితోనే పోయింది. అదృష్టవశాత్తు, పొద్దున తెరిచిన మరో కమాండ్ విండో అడుగున అలాగే ఉండిపోయింది. దాని చేతిలో పాత నకలు చెక్కుచెదరకుండా ఉంది కనుక, అందులో ‘ఎకో’ కమాండుతో పాత్‌ను తెరమీద చూపించి, నా ఫోల్డర్లను ఒక్కొక్కటిగా ఏరుకుని తిరిగి రాసుకున్నాను. అందుకే పాత్ మార్చేటప్పుడు, పని పూర్తయి సరిచూసుకునేదాకా ఒక పాత విండోను మూయకుండా ఉంచుకోవడం నాకు అలవాటైంది.

నువ్వు ముందుగా ‘రెగ్ క్వెరీ హెచ్‌కేసీయూ\ఎన్విరాన్‌మెంట్ /వి పాత్’ అని కొట్టి, నీ ఖాతా పాత్ ఒక్కటే ఎలా ఉందో చూసి, ఆ ఫలితాన్ని ఒక టెక్స్ట్ ఫైలులో దాచుకో. తరువాత విండోస్‌లోనే ఉండే మరో కమాండ్ విండో అయిన పవర్‌షెల్ తెరిచి ఈ రెండు వరుసలు ఇవ్వు:

$పాత = [ఎన్విరాన్‌మెంట్]::గెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్('పాత్','యూజర్')

[ఎన్విరాన్‌మెంట్]::సెట్‌ఎన్విరాన్‌మెంట్‌వేరియబుల్('పాత్', $పాత + ';సి:\టూల్స్\బిన్', 'యూజర్')

రెండు వరుసల్లోనూ చివర ఉన్న ‘యూజర్’ అన్న మాటే ఇక్కడ ప్రాణం. సిస్టమ్ పాత్ ఇందులో కలవదు, 1024 కత్తెర కూడా ఉండదు.

తీసేయడం గురించి కూడా అడిగావు. సెట్‌ఎక్స్‌కు తుడిచే విద్య రాదు. ఖాళీ కోట్స్ ఇస్తే విలువ పోయి పేరు రిజిస్ట్రీలో మిగులుతుంది. ‘రెగ్ డిలీట్ హెచ్‌కేసీయూ\ఎన్విరాన్‌మెంట్ /వి’ అని రాసి వేరియబుల్ పేరు ఇవ్వాలి. మార్పు జరిగిందని సెట్‌ఎక్స్ చేసినట్టు ‘రెగ్’ తక్కిన ప్రోగ్రాములకు కబురు పంపదు కాబట్టి, తుడిచాక ఒకసారి సైన్ అవుట్ చేసి మళ్లీ లోపలికి రా. పాస్‌వర్డులను మాత్రం సెట్‌ఎక్స్‌తో పెట్టకు, అవి రిజిస్ట్రీలో దాపరికం లేకుండా ఉంటాయి, నీ ఖాతాలో నడిచే ఏ ప్రోగ్రామైనా వాటిని చదువుకోగలదు.

ఇవన్నీ చేశాక కూడా పాత జావానే పలికితే కంగారుపడకు. మామూలు వేరియబుల్ ఒకే పేరుతో రెండు చోట్లా ఉంటే నీ ఖాతాలోనిదే చెల్లుతుంది గానీ, పాత్ విషయంలో సిస్టమ్ ఫోల్డర్లే ముందు వస్తాయి కాబట్టి, ఆఫీసువాళ్లు అక్కడ వేరే జావా పెట్టి ఉంటే మొదట దొరికేది అదే. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘వేర్ జావా’ అని కొడితే దొరికిన జావాలన్నీ వరుసక్రమంలో కనిపిస్తాయి. ఆ వరుసలో నీది రెండోదైతే దాన్ని ముందుకు తేవడం నీ ఖాతా నుంచి కాదు, ఆ తెరను ఫొటో తీసి మీ ఐటీ విభాగానికి పంపు.

ఆశీస్సులతో,
మామయ్య