పెరట్లో వాన నీళ్లు: కార్పొరేషన్‌ను ఎంతవరకు అడగొచ్చు?

ప్రశ్న: మాది విశాఖలోని గోపాలపట్నం. 200 గజాల స్థలంలో పాతికేళ్ల నాటి ఇల్లు. అప్పట్లో పెరడు రోడ్డు కంటే జానెడు ఎత్తులో ఉండేది. రెండుసార్లు సిమెంటు రోడ్డు వేశాక మేమే పల్లంలో పడ్డాం. గట్టి వాన పడితే సైడు కాలువ నీళ్లు మా గొట్టంలోంచి వెనక్కి తన్ని పెరట్లో మోకాలి లోతు నిలుస్తున్నాయి. కార్పొరేషన్‌వాళ్లను అడిగితే, ‘మీ ఇల్లు పల్లంలో ఉంది, మట్టి పోయించుకోండి’ అంటున్నారు. ఇదంతా మా బాధ్యతేనా?

జవాబు: అంతా మీది కాదు. ప్రహరీ లోపల పడిన నీటిని కాలువ దాకా చేర్చడం మీ పని. కాలువలోకి వచ్చిన నీరు ముందుకు పోయేలా చూడడం జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పని. 1979 చట్టం ద్వారా విశాఖకు వర్తించే 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, కాలువలు కట్టడం, నిర్వహించడం, శుభ్రం చేయించడం కార్పొరేషన్ తప్పనిసరి విధులని చెబుతోంది. రోడ్డు ఎత్తు పెంచింది మీరు కాదు కాబట్టి, ‘మీరు పల్లంలో ఉన్నారు’ అన్నంత మాత్రాన ఆ విధి తీరిపోదు. అయితే ఉత్త మాటలతో వాదిస్తే తేలదు. లెవెళ్లు కొలిచి కాగితం మీద పెట్టాలి.

దీనికి సర్వేయరు అక్కర్లేదు. మేస్త్రీల దగ్గర ఉండే తెల్లటి లెవెల్ గొట్టం పదిహేను, ఇరవై మీటర్లది చాలు. గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక కొస పెరట్లో, ఇంకో కొస కాలువ దగ్గర పట్టుకోండి. నీటి మట్టం నుంచి కిందికి టేపుతో నాలుగు చోట్ల కొలవాలి: పెరటి నేల, మీ గొట్టం కాలువలో కలిసే చోటు, పూడిక తీసి చూసిన కాలువ అడుగు, అక్కడి నుంచి నీరు పోయే దిక్కుగా 30 మీటర్ల అవతల (గొట్టం అంత దూరం అందదు కాబట్టి మధ్యలో ఒకచోట ఆగి, రెండు విడతలుగా) మళ్లీ కాలువ అడుగు. చాలామంది మొదటి మూడూ కొలిచి ఆగిపోతారు. అసలు సాక్ష్యం నాలుగోది. అవతలి అడుగు మీ దగ్గరి అడుగు కంటే ఎత్తుగా ఉంటే కాలువే తప్పుగా కట్టారన్నమాట. అలాంటప్పుడు ఎన్నిసార్లు పూడిక తీసినా నీళ్లు వెనక్కే వస్తాయి. అర్జీలో పూడికతీత అడగకండి, అడుగు వాలు సరిచేయాలని అడగండి.

వాలు సరిగానే ఉండి పూడికే అడ్డమైతే, ‘తీసిన సిల్టును వెంటనే తరలించాలి’ అని కూడా రాయండి. గట్టున వదిలేసిన సిల్టు తర్వాతి వానకే మళ్లీ కాలువలోకి జారుతుంది. మీ వీధిలో గేట్ల ముందు కాలువ మీద పోసిన ర్యాంపులు కూడా చూడండి. వాటి కింద పార దూరదు, పూడిక అక్కడే గట్టిపడుతుంది. మీ ర్యాంపే అలా ఉంటే ముందు మీరు తీసి, ఎత్తడానికి వీలైన పలకలు వేయించుకోండి. అప్పుడే పక్కవాళ్ల ర్యాంపు గురించి అడిగే హక్కుంటుంది.

అర్జీ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి ఇచ్చి నంబరుతో రశీదు తీసుకోండి. కదలిక లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే నంబరు వేసి మళ్లీ ఇవ్వండి. కొలతల పటం, వాన కురుస్తుండగా తీసిన ఫొటోలు, వాన వెలిశాక గంటకు తీసిన ఫొటోలు జతచేయండి. రెండో రకం ఫొటోలే ఎక్కువ పనికొస్తాయి. వానలో ఏ కాలువైనా నిండుతుంది, గంట తర్వాత కూడా దిగలేదంటేనే లోపం. ఆ వీధి కాలువ పనికి మంజూరైన ఎస్టిమేటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. డిజైనులో రాసిన అడుగు లెవెలుకూ మీరు కొలిచినదానికీ తేడా కనబడితే, ఇక నోటి మాటలతో మిమ్మల్ని పంపేయలేరు.

ఇప్పుడు మీ వంతు పని. మీ గొట్టం చివర, ప్రహరీ లోపల 45 సెంటీమీటర్ల చదరపు ఛాంబర్ కట్టించి 110 ఎం.ఎం. పీవీసీ నాన్ రిటర్న్ వాల్వు పెట్టించండి. కాలువ పొంగితే రెక్క మూసుకుని నీరు లోపలికి రాదు. కానీ రెక్క మూసుకున్నంతసేపూ మీ పెరటి నీరు కూడా బయటికి పోదు. చాలా ఇళ్లలో వాల్వు పెట్టించాక ‘ఇంకా ఎక్కువ నిలుస్తోంది’ అనడానికి కారణం ఇదే. 200 గజాలంటే సుమారు 167 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే మీ స్థలంలోనే 8,300 లీటర్ల పైచిలుకు నీరు చేరుతుంది. దాన్ని తోడాలంటే నిమిషానికి 140 లీటర్లు ఎత్తే మోటారు కావాలి. కొనేటప్పుడు హార్స్ పవరు ఒక్కటే కాకుండా, మూడు మీటర్ల ఎత్తుకు నిమిషానికి ఎన్ని లీటర్లని పలక మీద చూడండి. మురికి నీటి సబ్‌మెర్సిబుల్ తీసుకుని, పెరట్లో అన్నిటికంటే పల్లపు మూల 90 సెంటీమీటర్ల వరల గుంతలో ఫ్లోట్ స్విచ్‌తో (నీటి మట్టాన్ని బట్టి మోటారును దానంతటదే నడిపి ఆపేది) పెట్టండి. డెలివరీ పైపును రోడ్డు మట్టం దాటించి పైకి తీసుకెళ్లి, వంపు తిప్పి కాలువలోకి వదలాలి. నేరుగా కాలువలో ముంచితే మోటారు ఆగగానే కాలువ నీరు వెనక్కి లాగేస్తుంది. స్విచ్ బోర్డు నడుమెత్తు పైన ఉండాలి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. తుపాను రోజున ముందు పోయేది కరెంటే కాబట్టి ఇన్వర్టరు గానీ చిన్న జనరేటరు గానీ లేకపోతే మోటారును నమ్ముకోలేం.

మట్టి పోయించుకోవడం చివరి దారి. పోయించినా గోడలోని డీపీసీ పట్టీకి (నేల చెమ్మ పైకెక్కకుండా వేసే పొర) 15 సెంటీమీటర్లు కిందనే ఆపాలి. దాటితే చెమ్మ గోడల్లోకి ఎక్కుతుంది.

ప్రశ్న: ఆరిలోవ వైపు కొండవాలులో ఉంటాం. పై ప్లాటువాళ్లు కొత్తగా ఇల్లు కట్టి డాబా గొట్టాలు మా ప్రహరీ వైపు వదిలారు. ఎర్రమట్టి కొట్టుకొచ్చి మా పెరట్లో పడుతోంది. గోడ కట్టి ఆపేయొచ్చా?

జవాబు: పై నేల మీద పడి సహజంగా జారే నీటిని కింది నేలవాళ్లు రానివ్వాలి. 1882 ఈజ్‌మెంట్స్ చట్టం 7వ సెక్షన్‌లోని ఉదాహరణల్లోనే ఇది ఉంది. డాబా నీటిని గొట్టంలో పోగుచేసి మీ మీదికి వదలడం మాత్రం సహజ ప్రవాహం కాదు, దానికి ఆ రక్షణ లేదు. కొత్త కట్టడాల్లో వాన నీటిని ఒడిసిపట్టే ఏర్పాటు ఉండాలని 2017 బిల్డింగ్ రూల్స్ (జీవో 119) చెబుతున్నాయి. కాబట్టి వార్డు ప్లానింగ్ సెక్రటరీకి ఫొటోలతో ఫిర్యాదు చేయండి. గొట్టం మళ్లించాలని పై ఇంటివాళ్లకు రాతపూర్వకంగా ఒక లేఖ కూడా ఇవ్వండి.

గోడ కట్టి నీటిని బిగించడం మాత్రం వద్దు, ప్రాణాపాయం. గోడ వెనక మీటరు ఎత్తు నీరు నిలిస్తే గోడ ప్రతి మీటరు పొడవు మీదా దాదాపు 500 కిలోల తోపుడు పడుతుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ దానికి ఆగదు. ఉన్న గోడలో ఒకటిన్నర మీటరుకొకటి చొప్పున 75 ఎం.ఎం. పైపు ముక్కలు, మీ పెరటి వైపుకు కొంచెం వాలుగా, నేలకు జానెడు పైన పెట్టించండి. వెనక అడుగు మందాన 20 ఎం.ఎం. కంకర నింపాలి, లేదంటే ఎర్రమట్టి ఒక్క వానకే రంధ్రాలు పూడ్చేస్తుంది. గోడకు ఇవతల అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తీసి మీటరుకు సెంటీమీటరు వాలుతో రోడ్డు కాలువకు కలపండి. కలిసే ముందు రెండడుగుల చదరపు ఛాంబర్ ఉండాలి, దాని అడుగుభాగం బయటికి పోయే గొట్టం కంటే ఒక అడుగు లోతుగా ఉండాలి. మట్టి అందులో ఆగుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు ముందొకసారి, ప్రతి పెద్ద వాన తర్వాతా దాన్ని ఎత్తిపోయండి.

ప్రశ్న: పెరట్లో ఇంకుడు గుంత తవ్విస్తే సరిపోతుందా?

జవాబు: భూగర్భ జలానికి మంచిదే, ముంపుకు మాత్రం చాలదు. మీటరు చదరం, రెండు మీటర్ల లోతు గుంతలో కంకర నింపితే సందుల్లో పట్టేది 800 లీటర్లే. జ్ఞానాపురం, చావులమదుం లాంటి పల్లపు చోట్ల వానాకాలంలో నీటిమట్టం పైనే ఉంటుంది, గుంత తవ్వుతుండగానే ఊట వస్తుంది. అక్కడ డబ్బు దండగ.

ప్రశ్న: మురుగుతో కలిసిన నీళ్లు వచ్చి ఫ్రిజ్, మోటారు పోయాయి. పలుమార్లు అర్జీ పెట్టినా కాలువ బాగుచేయలేదు. నష్టపరిహారం అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు. మీరు ముందే ఫిర్యాదు చేసినా వాళ్లు పట్టించుకోలేదని రుజువు కావాలి. అందుకే రశీదులు బంగారంతో సమానం. నిధులు లేవన్న సాకుతో మున్సిపాలిటీ కాలువల బాధ్యత నుంచి తప్పుకోలేదని రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

సివిల్ కోర్టుకు వెళ్లేముందు శాశ్వత లోక్ అదాలత్‌ను ఆశ్రయించండి. పారిశుధ్యం ప్రజోపయోగ సేవల కిందికి వస్తుంది, కోటి రూపాయల లోపు వివాదాలు తీసుకుంటారు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదరకపోతే విచారించి తీర్పు కూడా ఇస్తారు. దావా వేశాక ఈ దారి మూసుకుపోతుంది కాబట్టి వరుస మారనివ్వొద్దు. దరఖాస్తుకు అర్జీ రశీదులు, తేదీ కనిపించే ఫొటోలు, రిపేరు బిల్లులు, లెవెల్ కొలతల పటం జతచేయండి. పాడైన మోటారును మెకానిక్ విప్పగానే, శుభ్రం చేయకముందే, లోపల బురద కనిపించేలా ఫొటో తీయించండి. నీట మునిగే చెడిందని రాసి సంతకం పెట్టమని ఆ మెకానిక్‌నే అడగండి.