సొంత డిజైన్లు ఎలా పుడతాయి? మా కాకర పాదు సంగతి చెబుతాను

మీరు అడిగింది ఇదీ: మేడ మీద దొండ పాదు, మందార, శంకుపూల తీగ ఉన్నాయి. కుట్లు, అద్దకం, చీర కుచ్చులు అన్నీ వచ్చు. కానీ ఏది మొదలుపెట్టినా ఫోన్‌లో ఎక్కడో చూసిన డిజైనే చేతికి వస్తోంది, ఆ మొక్కల్లోంచి సొంతంగా ఏదైనా పుట్టించడం ఎలా అని. నేను విజయవాడలో పదకొండేళ్ళుగా ఇంట్లోనే బ్లౌజులకు కుట్లు, చీరలకు కుచ్చులు వేస్తున్నానండీ. మొదటి నాలుగైదేళ్ళు నాదీ ఇదే బాధ. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

అప్పట్లో తీగ వేయమంటే నా చేయి ఒకేలా పోయేది. ఒక వంపు, దానికి అటూ ఇటూ ఆకులు, చివర స్ప్రింగులాంటి చుట్ట. మా పెరట్లో కాకర పందిరి ఏటా ఉండేది. రోజూ కాయలు కోసేదాన్ని. కానీ గీసేటప్పుడు మాత్రం ఆ పందిరి గుర్తొచ్చేదే కాదు.

ఒక పొద్దున దండెం మీదికి పాకిన తీగను తప్పించబోయాను. నులితీగ ఊడి రాలేదు. నులితీగంటే కాడ పక్కన సన్నగా పుట్టి, దొరికిన దాన్నల్లా పట్టుకునే దారంలాంటిది. తెంపడం ఇష్టం లేక, విడదీద్దామని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాను. చుట్టలు సగం దాకా ఒక వైపు తిరిగాయి. మధ్యలో చిన్న తిన్నని ముక్క ఉంది. అక్కడి నుంచి చుట్టలన్నీ ఎదురు వైపు తిరిగాయి. పక్కది చూశాను, అదీ అంతే. పందిరంతా వెతికాను. దేన్నైనా పట్టుకున్న ప్రతి నులితీగకూ మధ్యలో ఆ మలుపు ఉంది.

ఎందుకో తర్వాత దారంతో చేసి చూస్తే తెలిసింది. నులితీగ ఒక కొస దండేన్ని పట్టుకుంది, ఇంకో కొస కాడకే ఉంది. రెండు కొసలూ కదలకుండా ఉన్న దారాన్ని మధ్యలో చుట్టలు తిప్పాలంటే, ఒక వైపు ఎన్ని తిరిగితే రెండో వైపూ దాదాపు అన్ని తిరగాలి. అలా బిగిశాక అది నిజంగానే స్ప్రింగు. గాలికి తీగ ఊగినా సాగుతుంది, తెగదు. ఏదీ దొరకని నులితీగ మాత్రం ఒకే వైపు చుట్టుకుపోయి వాడిపోతుంది. అంటే అన్నేళ్ళూ నేను బ్లౌజుల మీద కుట్టింది ఆసరా దొరకని నులితీగనే! ఆ పూట నాకు ఇంకే పనీ తోచలేదు.

ఆ వారమే ఒక ఆకుపచ్చ బ్లౌజు చేతికి కొత్తగా గీశాను. ఆకులు మూడే. నులితీగ గాల్లో ఆగిపోకుండా వెళ్ళి చేతి అంచున వేసిన జరీ దారాన్ని పట్టుకునేలా పెట్టాను. ఒంటి పోగుతో కాడకుట్టు, మలుపు దగ్గర ఒక్క తిన్నని కుట్టు, అక్కడి నుంచి ఎదురు చుట్టలు. చూసినవాళ్ళకు ఆ మలుపు సంగతి తెలియదు. అయినా 'ఈ తీగ అతికించినట్టు లేదు, పాకుతున్నట్టుంది' అన్నారు. ఇప్పటికీ అందరూ ఎక్కువగా అడిగేది ఆ డిజైనే.

నేను నమ్మేది ఇదేనండీ. మొక్క ఎలా ఉందో చూసి గీస్తే అందరి బొమ్మే మనదీ అవుతుంది. అది ఏం చేస్తోందో చూడాలి. దేన్ని పట్టుకుంటోంది, ఎక్కడ పగులుతోంది, ఎండకు ఎటు ముడుచుకుంటోంది. దానికి ఒకే మొక్క దగ్గర చాలా రోజులు కూర్చోవాలి. పది మొక్కలు పెట్టుకుంటే దేన్నీ చూడం.

అదే కాకర పాదు నుంచి ఇంకో పని పుట్టింది. కోయడం మరిచిపోయిన కాయ ఒకటి పండి, కింది నుంచి మూడుగా పగిలి, రేకుల్లా వెనక్కి విచ్చుకుంది. బయట నారింజ రంగు, లోపల గింజల చుట్టూ ఎర్రటి గుజ్జు. చీర కుచ్చుకు అంతకంటే మంచి నమూనా ఏముంటుంది? నారింజ పట్టుదారంతో మూడు చిన్న రేకులు, మధ్యలో వేలాడే రెండు ఎర్ర పూసలు. మామిడిపండు రంగు చీరకు వేశాను. నారింజ పక్కన ఎరుపు పెట్టడానికి అంతకుముందు నాకు ధైర్యం ఉండేది కాదు.

ఆకు దగ్గర మాత్రం చెక్క నాకు పాఠం చెప్పింది. కాకరాకు ఈనెలన్నీ ఒక్కటీ వదలకుండా గీసి, అద్దకం అచ్చు చేయించుకుందామని పెడన వెళ్ళాను. అచ్చు చెక్కే పెద్దాయన కాగితం చూసి, ఇంత సన్నటి గీతలు టేకు చెక్కలో నిలవవు, నాలుగు అద్దకాలకే విరుగుతాయన్నారు. పెన్సిలు తీసుకుని సగం ఈనెలు కొట్టేశారు. ముందు మనసు చివుక్కుమంది. బట్ట మీద అద్దాక చూస్తే నేను గీసినదానికంటే అదే కాకరాకులా ఉంది. మొక్కను చూడటం ఎంత అవసరమో, పనిచేసే సరుకు మాట వినడం కూడా అంతే అవసరం. మా దగ్గరి కొండపల్లి బొమ్మలే చూడండి. తేలిగ్గా, మెత్తగా ఉండే తెల్ల పొణికి కర్ర కాబట్టి ముక్కలు చెక్కి, చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లేతు మీద నున్నగా తిరుగుతుంది కాబట్టి అక్కడి బొమ్మలు గుండ్రంగా వస్తాయి. చెట్టును బట్టే బొమ్మ తీరు.

మీ శంకుపూల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ఆ పూలు ఉడకబెట్టి తెల్ల నూలు చున్నీకి రంగు వేశాను. చక్కటి నీలం వచ్చింది. నిమ్మరసం పడితే ఊదాకు మారుతుంది, పిల్లలకు భలే సరదా. కానీ ఆ రంగు ఎండకూ సబ్బుకూ ఆగదు. మా అన్నయ్య కూతురికి ఇచ్చాను, రెండు ఉతుకులకే బూడిద రంగైంది, పిల్ల మొహం చూడలేకపోయాను. శంకుపువ్వును ఆకారం కోసం వాడుకోండి, రంగు కోసం కాదు. వంటింట్లో దొరికేవాటిలో నిలిచే రంగు కావాలంటే దానిమ్మ తొక్కలు మేలు. ముందు నూలు బట్టను కరక్కాయ పొడి నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టండి. తర్వాత 100 గ్రాముల బట్టకు 15 గ్రాముల లెక్కన పటిక వేసిన నీళ్ళు పట్టించి, తొక్కలు మరిగించిన నీళ్ళలో వేయండి. మంచి పసుపు వస్తుంది. అదే నీళ్ళలో తుప్పు పట్టిన మేకు పడితే నల్లబారుతుంది, అందుకని ఇనప గిన్నె వద్దు.

గురివింద గింజలు అందంగా ఉన్నాయని పూసలకు గుచ్చవద్దు, లోపలి పప్పు విషం. గన్నేరు పాలతోనూ అంతే జాగ్రత్త.

ఇక మీ దొండ పాదు. నేనైతే దానితోనే మొదలుపెడతాను. దాని నులితీగ కూడా కాకరదానిలా ఒంటిది. ఆనపదైతే రెండుగా చీలుతుంది. పువ్వు తెల్లగా ఐదు కొసల నక్షత్రంలా ఉంటుంది, కాయ పండితే ఎర్రగా మెరుస్తుంది. పదిహేను రోజులు ఫోన్ లోపలే పెట్టి, రోజూ ఒకే కొమ్మ దగ్గర పది నిమిషాలు కూర్చోండి. గీత బాగా రాకపోయినా పరవాలేదు, ఏం జరిగిందో పక్కన ఒక ముక్క రాసుకోండి. ఇవాళ తాడును అందుకుంది, ఆకు చివర పురుగు కొట్టింది, మొగ్గ ఎటు వంగింది, ఇలా. పురుగు కొట్టిన ఆకును మాత్రం వదలకండి. ఆ చిల్లులనే కట్‌వర్కుగా కుట్టి ఒక టేబుల్ గుడ్డ చేశాను, అది అమ్మబుద్ధి కాక మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మీ పదిహేను రోజుల కాగితాలు ఇక్కడ పెడితే తప్పకుండా చూస్తాను. ఏది కుట్టుకు బాగుంటుంది, ఏది అచ్చుకు బాగుంటుంది, నాకు తోచింది చెబుతాను.